కెమెరాతో కొండలెక్కేవాళ్లకు ఏ వాచీ?

సంక్రాంతికి ఇంటికొచ్చిన మా బావమరిది అరిసె ముక్క తుంచుకుంటూ అడిగాడు. "బావా, స్మార్ట్ వాచ్ ఒకటి కొందామనుకుంటున్నా. ఫొటోలకీ పనికిరావాలి, నడక లెక్కకీ పనికిరావాలి. ఏది తీసుకోమంటావు?"

"ముందు నీ ఫోన్ ఏదో చెప్పు. తర్వాత నీ కెమెరా ఏదో చెప్పు. ఆ తర్వాత నువ్వు ఎక్కడెక్కడ తిరుగుతావో చెప్పు" అన్నాను.

నేను ఒక్క పేరు చెప్పేస్తాననుకుని వచ్చినవాడు కాస్త నీరసపడ్డాడు. కానీ ఈ మూడూ తెలియకుండా వాచీ పేరు చెప్పడం కుదరని పని. ఆ రాత్రి మేం మాట్లాడుకున్నదంతా, తర్వాత ఇదే ప్రశ్న అడిగిన మరి కొందరికి చెప్పిందంతా కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను చాలాకాలంగా పక్షుల కోసం, పొద్దుటి వెలుగు కోసం కెమెరా వేసుకుని తిరుగుతున్నాను. ఈ తిరుగుళ్లలో మూడు వాచీలు మార్చాను. మొదటి రెండూ తప్పు లెక్కతో కొన్నవి.

ఆ తప్పు లెక్క ఏమిటో ముందే చెప్పేస్తాను. వాచీ మీద నొక్కితే కెమెరా క్లిక్ మనడం అన్నిటికంటే పెద్ద సదుపాయం అనుకున్నాను. కాదు. ఫొటోలు తీసేవాడికి వాచీ చేసే అసలు మేలు, ఏ క్షణాన ఎక్కడ నిలబడ్డామో రాసిపెట్టడం. కాబట్టి నా వరుస ఇది: ముందు దారి నమోదు, ఆపైన బ్యాటరీ, ఆపైన తెర, చిట్టచివర రిమోట్ షట్టర్, అంటే దూరం నుంచే క్లిక్ నొక్కడం. అంగట్లో ప్రకటనలు సరిగ్గా దీన్ని తిరగేసి చెబుతాయి.

బజార్లో ఉన్నవి మూడు రకాలు

రెండు మూడు వేల నుంచి ఐదు వేల దాకా దొరికే బ్లూటూత్ వాచీలు ఒక రకం. కాల్స్, అడుగుల లెక్క, కెమెరా బటన్ అన్నీ ఉంటాయి. చాలావాటిలో సొంత జీపీఎస్ ఉండదు. డబ్బా మీద జీపీఎస్ అని రాసి ఉన్నా, కింద చిన్న అక్షరాల్లో 'కనెక్టెడ్' అని కనిపిస్తే అది ఫోన్‌లోని జీపీఎస్‌ను అరువు తెచ్చుకుంటోందని అర్థం. ఫోన్ జేబులో ఉండాలి, యాప్ తెరిచి ఉండాలి, ఫోన్ చార్జింగ్ కరగాలి.

రెండో రకం ఫోన్ కంపెనీల వాచీలు. యాపిల్ వాచ్ ఐఫోన్‌తో మాత్రమే పనిచేస్తుంది. శామ్‌సంగ్ గెలాక్సీ వాచ్‌లు నాలుగో తరం నుంచి ఆండ్రాయిడ్‌తో మాత్రమే. గూగుల్ పిక్సెల్ వాచ్ కూడా ఆండ్రాయిడ్‌కే. అందుకే ముందు ఫోన్ అడిగాను. ఇంకో ఏడాదిలో ఫోన్ మార్చే ఆలోచన ఉంటే ఈ రకం వాచీ కొనేముందు రెండుసార్లు ఆలోచించాలి.

మూడో రకం క్రీడల కోసం పుట్టినవి: గార్మిన్, కోరోస్, సూంటో, పోలార్, అమేజ్‌ఫిట్‌లో టీ-రెక్స్ వరుస. ఐఫోన్ అయినా ఆండ్రాయిడ్ అయినా వీటికి ఒకటే. చూడ్డానికి మొరటుగా ఉంటాయి. మెసేజ్‌లు, యాప్‌ల విషయంలో రెండో రకంతో సరితూగవు. కానీ ఒకసారి చార్జ్ చేస్తే వారం పైన ఉంటాయి.

రిమోట్ షట్టర్: అందరూ అడిగేది, కొంచెమే పనికొచ్చేది

చవక వాచీల్లో కెమెరా బటన్ అంటే, వాచీ ఫోన్‌కు బ్లూటూత్ ద్వారా వాల్యూమ్ బటన్ నొక్కినట్టు సంకేతం పంపడం. అంతే. ఫ్రేములో ఎవరున్నారో, ఎవరి తల తెగిందో వాచీలో కనబడదు. యాపిల్ వాచ్‌లో అయితే ఐఫోన్ కెమెరా చూస్తున్న దృశ్యం మణికట్టు మీదే కనిపిస్తుంది. మూడు సెకన్ల టైమర్ పెట్టుకోవచ్చు, పక్కనున్న చక్రం తిప్పి జూమ్ చేయొచ్చు. గెలాక్సీ వాచ్‌లోనూ ఇలాంటిదే ఉంది, కానీ ఫోన్ కూడా గెలాక్సీయే అయి ఉండాలి. ఆండ్రాయిడ్ ఏదైతేనేం అనుకుని కొన్నవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. గార్మిన్, కోరోస్ లాంటి వాటిలో ఫోన్ కెమెరా నొక్కడం ప్రధానమైన పని కాదు. కొన్నిట్లో అసలు ఉండదు.

దూరం సంగతి కూడా తెలుసుకోవాలి. బ్లూటూత్ పది మీటర్ల దాకా అందుతుందంటారు. గండికోటలో పెన్న లోయ అంచు మీద ఫోన్‌ను ట్రైపాడ్‌కి పెట్టి, కుటుంబం మొత్తాన్నీ అవతలి బండ మీద నిలబెట్టాను. వాచీ ఉన్న చేయి నా వెనక ఉన్నంతసేపూ క్లిక్ పడలేదు, చేయి ముందుకు తెస్తే పడింది. మన ఒంట్లో సగానికి పైగా నీళ్లే. ఆ నీరు బ్లూటూత్ తరంగాన్ని మింగేస్తుంది.

ఇక డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్ లాంటి పెద్ద కెమెరాలు వాడేవాళ్ల సంగతి. మామూలుగా వాచీ నేరుగా కెమెరాతో మాట్లాడదు. మధ్యలో ఫోన్, అందులో కెమెరా కంపెనీ యాప్, ఆ యాప్‌కు వాచీ తోడు ఉండాలి. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడినా పని ఆగిపోతుంది. మీ కెమెరా యాప్ పేజీ తెరిచి వాచీ ఊసు ఉందో లేదో కొనేముందే చూసుకోండి. నా అనుభవంలో కొన్ని వందల రూపాయల రిమోట్, లేదా కెమెరాలోనే ఉండే రెండు సెకన్ల టైమర్ ఈ పనిని ఇంతకంటే నిక్కచ్చిగా చేస్తాయి. కేవలం షట్టర్ కోసం ఇరవై వేలు పెట్టొద్దు.

దారి నమోదు: ఇక్కడే డబ్బు పెట్టాలి

నల్లమలలో ఒక రోజు తిరిగితే ఐదారు వందల ఫొటోలు పడతాయి. నెల తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఈ పాలపిట్టను వాగు దగ్గర తీశానా, మలుపులో ఉన్న మద్ది చెట్టు దగ్గర తీశానా గుర్తుండదు. ఫోన్ ఫొటోల్లో చోటు దానంతటదే నమోదవుతుంది. కెమెరాల్లో చాలావాటికి ఆ వసతి లేదు. ఇక్కడ వాచీ ఆదుకుంటుంది.

పద్ధతి ఇది. నడక మొదలుపెట్టేటప్పుడు వాచీలో వాకింగ్ లేదా హైకింగ్ ఆన్ చేస్తాం. అది సెకను సెకనుకూ, లేదా కొన్ని సెకన్లకోసారి, మన అక్షాంశ రేఖాంశాలు రాసుకుంటుంది. ఇంటికొచ్చాక ఆ దారిని జీపీఎక్స్ ఫైల్‌గా, అంటే ఏ టైముకు ఎక్కడున్నామో వరుసగా రాసి ఉండే ఫైలుగా, దించుకుంటాం. ఫొటోలు సర్దుకునే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో మ్యాప్ విభాగం ఉంది. డబ్బు పెట్టలేనివాళ్లకు ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్, డిజీక్యామ్ ఉన్నాయి. ఇవి ఫొటో తీసిన టైమునూ, దారిలోని టైమునూ పక్కపక్కన పెట్టి, ప్రతి ఫొటోకూ చోటు రాసేస్తాయి. వంద ఫొటోలైనా వెయ్యి ఫొటోలైనా ఒకే నిమిషం పని.

మొదటిసారి చేసినప్పుడు నాకు ఒక్క ఫొటో కూడా మ్యాపు మీదికి రాలేదు. ఫైలు తెరిచి చూస్తే, నేను తెల్లవారుజామున 5:10కి మొదలుపెట్టిన నడక అందులో ముందు రోజు రాత్రి 23:40 అని ఉంది. వాచీ పాడైందనుకున్నాను. కారణం వేరే. జీపీఎక్స్ ఫైల్లో టైము ఎప్పుడూ అంతర్జాతీయ సమయంలోనే ఉంటుంది, మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. ఉదయం 5:30 కంటే ముందు బయల్దేరితే తేదీ కూడా మారిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ 5:30 తేడా పెడితే ఫొటోలన్నీ బారులు తీరి వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి.

రెండో చిక్కు కెమెరా గడియారం. అది మెల్లగా జారుతూ ఉంటుంది. ఒక్క నిమిషం తేడా ఉందనుకోండి. గంటకు నాలుగున్నర కిలోమీటర్ల నడకలో అది 75 మీటర్ల తప్పు. సఫారీ జీపులో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే 660 మీటర్లు దాటుతుంది. దీనికి చిన్న ఉపాయం ఉంది. రోజు మొదలయ్యే ముందు సెకన్లు కనిపించేలా వాచీ ముఖాన్ని అదే కెమెరాతో ఒక ఫొటో తీసిపెట్టుకోండి. ఇంటికొచ్చాక, ఫొటోలో వాచీ చూపే టైముకూ, ఫొటో వివరాల్లో కెమెరా రాసుకున్న టైముకూ తేడా చూసి అంత సర్దేస్తే సరి. నా ప్రతి ఫోల్డర్‌లోనూ మొదటి బొమ్మ నా మణికట్టుదే.

ఇప్పుడు పోలిక. గార్మిన్ కనెక్ట్‌లో, కోరోస్ యాప్‌లో, అమేజ్‌ఫిట్ వాడే జెప్ యాప్‌లో జీపీఎక్స్ నేరుగా దించుకోవచ్చు. యాపిల్ వాచ్ దారిని చక్కగా గీస్తుంది కానీ ఫిట్‌నెస్ యాప్‌లోంచి ఆ ఫైలు తేలిగ్గా బయటికి రాదు. హెల్త్‌ఫిట్, వర్క్‌అవుట్‌డోర్స్ లాంటి యాప్ ఒకటి కొనుక్కోవాలి. లేదంటే నడకలు, పరుగులు పంచుకునే స్ట్రావా యాప్‌కు కలిపి, దాని వెబ్‌సైట్‌లోంచి దించుకోవాలి. కనెక్టెడ్ జీపీఎస్ వాచీలకు ఈ ఫైలు ఇచ్చే యాప్ ఉందో లేదో కొనేముందే కనుక్కోవాలి. నా మొదటి వాచీ రంగురంగుల మ్యాపు చూపించి ఊరుకునేది. ఆ మ్యాపు స్క్రీన్‌షాట్ తీసుకోవడం తప్ప చేయగలిగింది లేదు.

రెండు బ్యాండ్లా, ఒకటి చాలా?

డ్యూయల్ బ్యాండ్ అనే మాట ఇప్పుడు ప్రతి ప్రకటనలోనూ ఉంది. బ్యాండ్ అంటే ఇక్కడ పట్టీ కాదు, ఉపగ్రహ సంకేతం వచ్చే ఫ్రీక్వెన్సీ. ఉపగ్రహం పంపే సంకేతాల్లో ఎల్1 అనేది 1575.42 మెగాహెర్ట్జ్ మీద, ఎల్5 అనేది 1176.45 మెగాహెర్ట్జ్ మీద వస్తాయి. లోయలో, రాతిగోడ పక్కన, పెద్ద భవంతుల మధ్య సంకేతం గోడకు తగిలి తిరిగొస్తుంది, వాచీ మోసపోయి మనల్ని పక్క వీధిలో పెడుతుంది. రెండు బ్యాండ్లూ వినే వాచీ అసలు సంకేతాన్నీ, ప్రతిధ్వనినీ మెరుగ్గా విడదీయగలదు.

ఇది అందరికీ అవసరమా? నేలపట్టు చెరువు గట్టు మీద, పులికాట్ ఒడ్డున, వంజంగి కొండ పైన ఆకాశమంతా తెరిచి ఉంటుంది. అక్కడ ఒక బ్యాండ్ చాలు. గండికోట లోయలో దిగినా, తలకోన జలపాతం దారిలో చెట్ల కింద నడిచినా, హైటెక్ సిటీ భవంతుల మధ్య సాయంత్రం ఫొటోలు తీసినా తేడా తెలుస్తుంది. యాపిల్‌లో రెండు బ్యాండ్లు ఖరీదైన అల్ట్రాకే ఉన్నాయి, చవక రకమైన ఎస్ఈలోనూ మామూలు సిరీస్‌లలోనూ లేవు. గెలాక్సీ వాచ్ 7, గెలాక్సీ వాచ్ అల్ట్రా, కోరోస్ పేస్ 3, గార్మిన్ ఫోర్‌రన్నర్ 255, టీ-రెక్స్ 3లలో ఉన్నాయి. గార్మిన్ ఫోర్‌రన్నర్ 55, 165లలో లేవు.

జీపీఎస్ లాంటి మన దేశపు వ్యవస్థ నావిక్ సంగతి కూడా కొందరు అడుగుతున్నారు, మన సొంత ఉపగ్రహాలు కదా అని. ఆ అభిమానం నాకూ ఉంది. నావిక్ మొదట్లో ఎల్5, ఎస్ బ్యాండ్లలోనే ప్రసారం చేసేది, వాచీల్లోని చిన్న చిప్‌లు ఎక్కువగా వినేది ఎల్1. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో ఎల్1 ప్రసారం మొదలైంది. నేను రాజహంసల కోసం కూర్చునే పులికాట్ ఒడ్డుకు అవతలే ఆ రాకెట్ లేచింది. అయితే 2025 జనవరిలో వెళ్లిన ఎన్‌వీఎస్-02 నిర్ణీత కక్ష్యకు చేరలేదు. అందుకని ఇవాళ నావిక్ ఉందా లేదా అని చూసి వాచీ ఎంచుకోనక్కర్లేదు. అమెరికా జీపీఎస్‌తో పాటు యూరప్ గెలీలియో, రష్యా గ్లోనాస్, చైనా బైడూల్లో రెండు మూడు కలిసి ఉంటే మన అవసరానికి సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త. పక్షి కోసం ఒకేచోట మూడు గంటలు కదలకుండా కూర్చుంటే, జీపీఎస్ చుక్క మన చుట్టూ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఇంటికొచ్చి చూస్తే కూర్చున్నచోటే కిలోమీటరు నడిచినట్టు వస్తుంది. కూర్చోగానే పాజ్ నొక్కండి. లేదంటే ఆటో పాజ్ పెట్టుకోండి.

బ్యాటరీ

హైదరాబాద్ నుంచి శుక్రవారం సాయంత్రం రైలెక్కి విశాఖ, అక్కడి నుంచి పాడేరు, ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకు వంజంగి కొండ మొదలు, ఆ సాయంత్రం తిరుగు రైలు. మొత్తం అరవై గంటలు పైమాటే. మంచు మేఘాలు కింద పరుచుకుని, వాటి మీద మొదటి ఎండ పడే ఆ ఇరవై నిమిషాల కోసం ఇంత ప్రయాణం. అలాంటి ఒక ఉదయాన నా రెండో వాచీ కొండ సగంలోనే ఆరిపోయింది. రాత్రి హోటల్లో కరెంటు లేదు, పవర్ బ్యాంకు కెమెరా బ్యాటరీలకే సరిపోయింది.

మామూలు యాపిల్ వాచ్‌లకు సిరీస్ 10 దాకా కంపెనీ చెప్పే మాట 18 గంటలు. అల్ట్రా 2కి 36, అల్ట్రా 3కి 42 గంటలు. ఇది రోజువారీ వాడకం లెక్క, జీపీఎస్ ఆన్ చేసి నడిస్తే ఇంకా తగ్గుతుంది. గార్మిన్ ఇన్‌స్టింక్ట్ 2కి 28 రోజులు, జీపీఎస్‌తో 30 గంటలు. కోరోస్ పేస్ 3 జీపీఎస్‌తో 38 గంటలు. టీ-రెక్స్ 3కి 27 రోజులు, జీపీఎస్‌తో 42 గంటలు. ఇవన్నీ కంపెనీల లెక్కలు. నేను వీటిలో మూడో వంతు కొట్టేసి ప్రయాణం వేసుకుంటాను. అలా కొట్టేసినా మూడో రకం వాచీలతో మూడు రోజుల తిరుగుడుకు చార్జర్ ఇంట్లో వదిలేసి వెళ్లొచ్చు.

ఎండ సంగతీ చూడాలి. మామూలు యాపిల్ వాచ్‌లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని కంపెనీయే చెబుతుంది, అల్ట్రాకు ఆ హద్దు 55. మే నెలలో రెంటచింతల వైపు పగలు ఎంతుంటుందో మనకు తెలిసిందే. ఎండాకాలం బయట తిరిగేవాళ్లు ఈ అంకెను తప్పకుండా చూడాలి.

తెర, బటన్లు, మణికట్టు

ఇది ఏ ప్రకటనలోనూ చెప్పరు. నేలపట్టులో చీకటి విడవకముందే కూర్చుని గూడబాతుల గూళ్ల వైపు లెన్స్ తిప్పి పెట్టుకున్నాను. కెమెరాను కంటి దగ్గరికి ఎత్తిన ప్రతిసారీ మణికట్టు తిరిగేది, తిరిగినప్పుడల్లా వాచీ తెర భగ్గుమని వెలిగేది. నాలుగోసారికి ఎదురు కొమ్మ మీద ఉన్న కొంగ లేచిపోయింది. పక్కనున్న పెద్దాయన ఏమీ అనలేదు గానీ, తన కండువా తీసి నా చేతికిచ్చాడు. మిగిలిన రెండు గంటలూ వాచీకి కండువా చుట్టుకుని కూర్చున్నాను.

తమంతట తామే వెలిగే అమోలెడ్ తెరలు ముచ్చటగా ఉంటాయి, కానీ చీకట్లో దీపాలవుతాయి. యాపిల్‌లో థియేటర్ మోడ్ పెడితే చేయి ఎత్తినా వెలగదు. మిగతావాటిలో చేయి ఎత్తితే వెలిగే సెట్టింగును ఆపుకోవాలి. ఇన్‌స్టింక్ట్ 2, ఫోర్‌రన్నర్ 55, 255, పేస్ 3లలో వాడే ఎంఐపీ తెర తనంతట వెలగదు, పాత కాలిక్యులేటర్ తెరలా బయటి వెలుతురునే వాడుకుంటుంది. ఇంట్లో కాస్త మసకగా, మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం స్ఫుటంగా కనిపిస్తుంది. పక్షుల కోసం, అడవి కోసం తిరిగేవాళ్లకు నేను కళ్లు మూసుకుని ఎంఐపీ చెబుతాను. నక్షత్రాల ఫొటోలు తీసేవాళ్లకూ అంతే, ఎందుకంటే ఒక్క తెల్లటి వెలుగు పడితే చీకటికి అలవాటుపడ్డ కన్ను మళ్లీ కుదురుకోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అమోలెడ్డే కావాలంటే తెర ఎర్రగా మారే సదుపాయం ఉన్నది చూసుకోండి. యాపిల్ అల్ట్రాలో అది ఉంది.

బరువైన లెన్సును ఎడమ అరచేతిలో ఆనించినప్పుడు మణికట్టు వెనక్కి వంగుతుంది. వాచీ పక్కన బటన్ పొడుచుకొచ్చి ఉంటే చేతి వెనక భాగం దాన్ని నొక్కేస్తుంది. నాకు రెండుసార్లు ఇలా నడక రికార్డింగు ఆగిపోయింది. యాపిల్‌లో చక్రం వైపు మార్చుకునే సెట్టింగు ఉంది. లేదంటే వాచీని మణికట్టు ఎముకకు పైన, మోచేతి వైపు రెండు వేళ్లు జరిపి కట్టుకోండి. జలపాతాల దగ్గర, వానలో టచ్ తెర తడికి తనంతట తానే నొక్కుకుంటుంది. అక్కడ బటన్లున్న వాచీయే నమ్మకం.

ఎత్తు, పొద్దు

బారోమీటర్ ఉన్న వాచీ గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెబుతుంది. ఒత్తిడిని హెక్టోపాస్కల్స్‌లో కొలుస్తారు, ఒక హెక్టోపాస్కల్ తగ్గితే దాదాపు ఎనిమిది మీటర్లు ఎక్కినట్టు. అయితే మన ఉష్ణమండలంలో ఒత్తిడి రోజుకు రెండుసార్లు దానంతటదే పెరిగి తగ్గుతుంది. ఉదయం పది ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. ఈ తేడా మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ ఉంటుంది. అంటే కదలకుండా కూర్చున్నా వాచీ సాయంత్రానికి పాతిక ముప్పై మీటర్లు ఎత్తు పెంచేస్తుంది. కాబట్టి తెలిసిన ఎత్తు దగ్గర సరిచేసుకోవాలి. ఎక్కడ తెలుస్తుందంటారా? రైల్వే స్టేషన్ పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. అనంతగిరి కొండలకు వెళ్లేటప్పుడు వికారాబాద్ స్టేషన్‌లో, అరకు వెళ్లినప్పుడు అరకు స్టేషన్‌లో బోర్డు ముందు నిలబడి వాచీలో ఆ అంకె కొట్టడం నాకు అలవాటు. తక్కువ ధర అని చాలామంది ఇష్టపడే ఫోర్‌రన్నర్ 55లో బారోమీటర్ లేదు, గుర్తుపెట్టుకోండి.

సూర్యోదయం టైము కూడా వాచీ ఇచ్చే మంచి వరమే, అది మనమున్న చోటును బట్టి లెక్కిస్తే. విశాఖలో హైదరాబాద్ కంటే దాదాపు 19 నిమిషాల ముందు పొద్దు పొడుస్తుంది. ఊరి పేరు పాతదే ఉంచి వంజంగి ఎక్కితే మంచి వెలుగు సగం పోతుంది. యూరప్ వాళ్ల వీడియోలు చూసి సంధ్య వెలుగు గంటసేపు ఉంటుందనుకోవద్దు. మన అక్షాంశంలో సూర్యుడు నిటారుగా దిగుతాడు, నీలి వెలుగుకు దొరికేది ఇరవై నిమిషాల పైచిల్లర. నేను సూర్యోదయానికి నలభై నిమిషాల ముందు చేతి మీద అలారం పెట్టుకుంటాను. శబ్దం లేకుండా, వైబ్రేషన్ మాత్రమే.

గుండె వేగం, అడుగులు

ఇక్కడ ఎక్కువ చెప్పను. చర్మం మీద పచ్చ వెలుగు వేసి గుండె వేగం లెక్కించే పద్ధతి అన్నిట్లోనూ ఒకటే. మణికట్టు వంచి లెన్స్ పట్టుకున్నప్పుడు అన్నీ తడబడతాయి. గుండె లెక్క నిజంగా కావాలంటే ఛాతీ పట్టీ కొనండి. కెలోరీల అంకెను ఏ వాచీలోనూ నమ్మి భోజనం లెక్క వేసుకోవద్దు. అలిపిరి మెట్ల దారిలో 3,550 మెట్లెక్కినా, ఎంతసేపట్లో ఎక్కాం, ఎక్కడెక్కడ ఆగాం అన్నదే పోయినసారితో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

రెండు హెచ్చరికలు

అమెరికా నుంచి వాచీ తెప్పించుకునేవాళ్లు చాలామంది. శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే వాచీలు ఇప్పుడు వస్తున్నాయి, గార్మిన్‌లో ఇన్‌రీచ్ ఉన్నవి అలాంటివే. మన దేశంలో శాటిలైట్ కమ్యూనికేషన్ పరికరాలు అనుమతి లేకుండా ఉంచుకోకూడదు. విమానాశ్రయాల్లో విదేశీ యాత్రికులు వీటితో పట్టుబడిన సంఘటనలున్నాయి. అడవిలో భద్రత కోసమని అలాంటిది తెప్పించుకోకండి. దారి వివరం ఇంట్లో చెప్పి వెళ్లడం, ఊరి మనిషిని తోడు తీసుకోవడం మేలు.

రెండోది నా మనసుకు మరీ దగ్గరిది. చోటు రాసి ఉన్న ఫొటోను అలాగే సోషల్ మీడియాలో పెడితే ఆ గూడు ఎక్కడుందో లోకానికంతటికీ చెప్పినట్టే. రోళ్లపాడు పచ్చిక బయళ్లలో బట్టమేక పిట్ట ఏ స్థితికి వచ్చిందో చూశాం. అరుదైన పిట్ట, గూడు, గుడ్లు, వీటి ఫొటోల్లోంచి చోటు తీసేసి మాత్రమే బయటపెట్టండి. స్ట్రావాలో మీ నడక అందరికీ కనిపించకుండా పెట్టుకోండి. 2018లో అదే స్ట్రావా హీట్‌మ్యాప్‌లో, అంటే అందరి నడకలూ కలిపి గీసిన మ్యాపులో, సైనిక స్థావరాల దారులే బయటపడ్డాయి, ఒక గూటి దారి ఎంతసేపు?

ఇంతకీ ఏది?

ఫోన్‌తోనే ఫొటోలు తీస్తారు, ఊళ్లోనే నడుస్తారు, బడ్జెట్ ఐదు వేల లోపు అంటే బ్లూటూత్ వాచీ తీసుకోండి, బటన్ నొక్కితే ఫొటో పడుతుంది. దాని దగ్గర దారి మాత్రం ఆశించొద్దు.

ఐఫోన్ ఉంది, కుటుంబంతో తిరుగుళ్లు, గ్రూప్ ఫొటోలు ఎక్కువ అంటే యాపిల్ వాచ్ ఎస్ఈ చాలు, దానికి పైన చెప్పిన యాప్ ఒకటి. అల్ట్రా గొప్ప వాచీ, నాకూ ఇష్టం. కానీ మొదటి రెండు తరాలూ మన దేశంలో 89,900 రూపాయలకు వచ్చాయి. ఆ డబ్బులో మంచి లెన్స్ వస్తుంది. లెన్స్ ఇప్పటికే ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు.

గెలాక్సీ ఫోన్ ఉన్నవాళ్లకు గెలాక్సీ వాచ్. వేరే ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ఆ వాచీ కెమెరా కోసం కొనొద్దు.

పెద్ద కెమెరా, పక్షులు, కొండలు, రెండు మూడు రోజుల ప్రయాణాలు అంటే మూడో రకమే. టీ-రెక్స్ 3 లేదా పేస్ 3. ఈ రెండిట్లో నాకు పేస్ 3 ఎక్కువ నచ్చుతుంది: ఎంఐపీ తెర, నైలాన్ పట్టీతో ముప్పై గ్రాముల బరువు, చేతి మీద ఉన్నట్టే ఉండదు. మొరటుగా వాడేవాళ్లకు, రాళ్ల మీద పాకేవాళ్లకు ఇన్‌స్టింక్ట్ 2. ధరలు పండగ అమ్మకాల్లో బాగా దిగుతాయి, దసరా దాకా ఆగగలిగితే ఆగండి.

మా బావమరిదికి ఐఫోన్ ఉంది. కెమెరా లేదు, కొనే ఆలోచన ఉంది. ఎస్ఈ చెప్పాను. "మరి కెమెరా కొన్నాక?" అన్నాడు. "అప్పుడు నాతో నేలపట్టు రా. నా వాచీ ఒక రోజు కట్టుకుని చూడు" అన్నాను.

ఏది కొన్నా, వెనక్కిచ్చే గడువు ముగిసేలోగా ఒక పని చేయండి. దగ్గర్లో 400 మీటర్ల ట్రాక్ ఉన్న స్టేడియానికి వెళ్లి, ఆకాశం తెరిచి ఉన్నచోట వాచీకి జీపీఎస్ దొరికేదాకా ఆగి, లోపలి వరుసలో ఐదు చుట్లు నడవండి. రెండు కిలోమీటర్లు రావాలి. ఇరవై ముప్పై మీటర్ల తేడా ఫర్వాలేదు. ఆపైన ఇంటికొచ్చి జీపీఎక్స్ దించి మ్యాపు మీద పెట్టండి. ఐదు చుట్లూ ఒకదాని మీద ఒకటి పడ్డాయా, దారాల ఉండలా చెదిరాయా చూడండి. చెదిరితే డబ్బా, బిల్లు తీసుకుని మర్నాడే కొట్టుకు వెళ్లండి.